కట్టెల పొదుపంతా గిన్నె చుట్టూ ఉన్న సందులోనే

మూడు రాళ్ల మధ్య మంట పెట్టి వండే పొయ్యి గురించి ఒక అపోహ బాగా పాతుకుపోయింది. అందులో కట్టె సరిగ్గా కాలదని, అందుకే అన్నన్ని కట్టెలు పడతాయని అనుకుంటారు. నిజానికి కట్టె కాలడంలో పెద్ద లోపం లేదు. ఆరిన పుల్లలు పెట్టి కాస్త కనిపెట్టుకుని ఉంటే, వాటిలోని శక్తిలో 90 శాతానికి పైగా వేడిగా మారిపోతుంది. పొగ రూపంలో తప్పించుకునేది మిగిలిన కొద్దిపాటి భాగమే. అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. పుట్టిన వేడిలో గిన్నెలోకి చేరేది మామూలుగా 10 నుంచి 20 శాతం. మిగతాదంతా గిన్నె పక్కనుంచి జారిపోయి గాలిలో కలుస్తుంది, నేలలోకి దిగుతుంది, ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖాన కొడుతుంది.

ఇక్కడే పొయ్యి సమస్య రెండుగా చీలుతుంది. పొగ తగ్గాలంటే మంట బాగుపడాలి. కట్టెలు ఆదా కావాలంటే మంటకూ గిన్నెకూ మధ్య దారి బాగుపడాలి. ఈ రెండూ ఒకటి కావు. పొగ రాని పొయ్యి కట్టెలు విపరీతంగా తినొచ్చు. కట్టెలు తక్కువ తినే పొయ్యి వంటింటిని పొగతో నింపేయొచ్చు. ఇంట్లో సొంతంగా కట్టుకునే పొయ్యిల్లో ఎక్కువ శ్రమ మంటను కప్పే గోడల మీద పోతుంది. గిన్నె సంగతి చివర్లో, ఎలాగోలా సర్దుకునే విషయంగా మిగిలిపోతుంది. వరుస తిరగబడాలి. ముందు గిన్నె, తర్వాత పొయ్యి.

కొంచెం లెక్క చూద్దాం. 5 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 1.6 మెగాజౌళ్ల శక్తి కావాలి (మెగాజౌలు శక్తిని కొలిచే ఒక ప్రమాణం). గాలికి బాగా ఆరిన కట్టె కిలోకు దాదాపు 15 మెగాజౌళ్లు ఇస్తుంది. అంతా గిన్నెకే చేరితే 105 గ్రాముల కట్టె చాలు, అంటే గుప్పెడు పుల్లలు. 15 శాతమే చేరితే 700 గ్రాములు పడుతుంది. 30 శాతానికి పెంచగలిగితే 350 గ్రాములతో పనైపోతుంది. మంటను ఎంత మెరుగుపరిచినా 90ని 97 చేయగలమేమో గానీ, వేడి చేరే వాటాను 15 నుంచి 30కి పెంచితే కట్టెల మోపు సగమవుతుంది. పొదుపు ఎక్కడుందో ఈ ఒక్క లెక్కే చెబుతుంది.

మంట లోపల జరిగేది

అలాగని మంటను వదిలేయలేం. కట్టె నేరుగా కాలదు. వేడికి ముందు అందులోని నీరు ఆవిరైపోతుంది. ఆ తర్వాత, 200 డిగ్రీలు దాటాక కట్టె విచ్ఛిన్నమై వాయువులు విడుదల చేస్తుంది. ఎండు కట్టె బరువులో దాదాపు ఐదింట నాలుగు వంతులు ఇలా వాయువుగా పోయేదే. మనకు కనిపించే మంట ఆ వాయువులది. చివరికి మిగిలే బొగ్గు మంట లేకుండా నిప్పుగా కాలుతుంది. వాయువులు పూర్తిగా కాలాలంటే సుమారు 600 డిగ్రీలకు మించిన వేడి, వాటితో బాగా కలిసే గాలి, ఆ వేడిలో కాసేపు ఉండే వ్యవధి, మూడూ దొరకాలి. ఏది లోపించినా అదే వాయువు పొగ అవుతుంది. అంటే పొగ కాలకుండా పోయిన ఇంధనమే.

పచ్చి కట్టె ఎందుకు చేటో ఇక్కడ తెలుస్తుంది. సగం బరువు నీళ్లే ఉన్న ఒక కిలో పచ్చి కట్టెను తీసుకుంటే, అరకిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 1.3 మెగాజౌళ్లు పోతాయి. మిగిలిన అరకిలో పొడి కట్టె 9 మెగాజౌళ్ల దాకా ఇస్తుంది. కేవలం లెక్క ప్రకారం చూస్తే ఆవిరి నష్టం ఏడో వంతే, భరించలేనంత కాదు. కానీ ఆ ఆవిరి మంట ఉష్ణోగ్రతను దించేస్తుంది. వాయువులు అంటుకోవు, పొగ కమ్ముతుంది, ఇంకో నాలుగు పుల్లలు ఎగదోయాల్సి వస్తుంది. కట్టెలను చీల్చి, వాన తగలకుండా గాలి ఆడే చోట కొన్ని నెలలు పేర్చి ఉంచడం ఏ పొయ్యి డిజైన్‌కూ తీసిపోని పొదుపు. బొటనవేలంత మందంలో చీల్చిన పుల్ల, మణికట్టంత దుంగ కన్నా శుభ్రంగా కాలుతుంది, అదుపులోనూ ఉంటుంది.

మంటతో మరో చిక్కుంది. గిన్నె అడుగు ఎంత మరిగే నీళ్లతో ఉన్నా మంటతో పోలిస్తే చల్లనిదే. మంట పూర్తిగా కాలకముందే ఆ చల్లని లోహానికి తగిలితే ఆరిపోయి మసిగా అతుక్కుంటుంది. గిన్నెను పైకెత్తితే మసి తగ్గుతుంది, కానీ సెగ చెదిరిపోతుంది. దించితే సెగ తగులుతుంది, పొగ పెరుగుతుంది. బహిరంగ మంట మీద ఈ పేచీ తీరదు. మంటకూ గిన్నెకూ మధ్య వేడిని పట్టి ఉంచే చిన్న గొట్టం నిలబెడితే తీరుతుంది. 1980ల మొదట్లో పొయ్యిలపై పరిశోధన చేసే, అమెరికాలోని అప్రోవేచో సంస్థతో కలిసి పనిచేసిన ఇంజనీరు లారీ వినియార్‌స్కీ చేసింది అదే. ఇప్పుడు రాకెట్ పొయ్యి అంటున్నది ఆ ఆలోచననే.

మట్టి మందం పెంచితే వేడి నిలుస్తుందా?

అంతకుముందు ఇదే అప్రోవేచో వాళ్లు ఇంకో దారిలో వెళ్లారు. 1976లో మధ్య అమెరికా దేశమైన గ్వాటెమాలాలో వచ్చిన భూకంపం తర్వాత అక్కడ మట్టి, ఇసుక కలిపి దిట్టంగా కట్టే లొరేనా పొయ్యి ప్రచారంలోకి వచ్చింది. చూడ్డానికి బలంగా ఉంటుంది, చేతికి దొరికే సరుకుతో అయిపోతుంది, పొగగొట్టం ఉంటుంది. పరీక్షకు పెట్టి చూస్తే కట్టెల ఖర్చు చాలాసార్లు మూడు రాళ్ల పొయ్యి కన్నా తగ్గలేదు, కొన్నిసార్లు పెరిగింది కూడా.

కారణం మట్టి బరువులోనే ఉంది. 100 కిలోల మట్టి సగటున 50 డిగ్రీలు వేడెక్కాలంటే సుమారు 4.4 మెగాజౌళ్లు మింగుతుంది. అంటే 300 గ్రాముల కట్టె మొత్తం శక్తి మట్టిలోకే పోయింది. 5 లీటర్ల ఎసరు మరగడానికి కావాల్సిన 1.6తో పోల్చితే ఇది దాదాపు మూడింతలు. వంటయ్యాక గంటల తరబడి పొయ్యి వెచ్చగా ఉందని సంతోషపడితే, ఆ వెచ్చదనం గిన్నెకు దక్కాల్సిందే కదా. రోజంతా ఆరకుండా వంట సాగే చోట బరువైన పొయ్యికి కొంత న్యాయం ఉంది. ఒకసారి వేడెక్కాక మళ్లీ మళ్లీ మింగదు. చలి ప్రాంతంలో ఇల్లు కూడా వెచ్చబడాలంటే అది వేరే లెక్క. పూటకు ఒక వంట చేసి ఆర్పే పొయ్యికి మాత్రం బరువు శత్రువే.

వేడిని ఆపేది బరువు కాదు, లోపల చిక్కుకుని కదలని గాలి. ఒక పదార్థం ఎంత తేలికగా, ఎంత గుల్లగా ఉంటే అంత బాగా వేడిని ఆపుతుంది. జల్లించిన పొడి బూడిద, ప్యూమిస్ అనే తేలికైన అగ్నిపర్వత రాయి, వేడికి ఉబ్బించిన వర్మిక్యులైట్, పెర్లైట్ ఖనిజాలు ఈ కోవలోవి. వీటిలో బూడిద ఎక్కడైనా దొరుకుతుంది, కానీ తడిస్తే పనికిరాదు. బంకమట్టిలో రంపపు పొట్టు లేదా ఊక ఎక్కువ పాళ్లలో కలిపి ఇటుకలు చేసి కాలిస్తే, పొట్టు కాలిపోయి లోపల సన్నని బొరియలు మిగులుతాయి. మామూలు ఇటుకలో మూడో వంతు బరువుండే ఇటుక ఇలా వస్తుంది. నీళ్లలో వేస్తే, పీల్చుకుని బరువెక్కేదాకా తేలాలి. తేలని ఇటుక మంటగదికి, అంటే పొయ్యిలో మంట మండే లోపలి భాగానికి, తగినంత గుల్లగా లేనట్టే. ఈ ఇటుకలకు ఒక బలహీనత ఉంది. పుల్లలు తగిలే చోట త్వరగా అరిగి రాలిపోతాయి. కట్టెలు పెట్టే ద్వారం దగ్గర ఒక గట్టి పెంకు అమరిస్తే ఎక్కువకాలం వస్తాయి.

రాకెట్ పొయ్యి అమరిక

ఆకారం సులభం. అడ్డంగా ఒక చిన్న గొట్టం, దాని చివర నిలువుగా ఒక పొడవాటి గొట్టం, రెండూ కలిసే మూలలో మంట. చుట్టూ బూడిద లాంటి తేలిక పదార్థం. ఒక కుటుంబం వంటకు 10 నుంచి 12 సెంటీమీటర్ల వెడల్పు సరిపోతుంది. నిలువు గొట్టం ఎత్తు దాని వెడల్పుకు రెండు నుంచి మూడింతలు ఉంచుతారు. అంతకన్నా పొట్టిగా ఉంటే పొగ పూర్తిగా కాలదు. మరీ పొడుగైతే గాలిని ఎక్కువ లాగి, అవసరం లేని చల్లగాలితో మంటను చల్లార్చుతుంది.

కట్టెలు నేల మీద పడుకోకూడదు. ద్వారం మధ్యలో ఒక చిన్న రేకు అరుగు పెట్టి, దాని మీద పుల్లలు, దాని కిందనుంచి గాలి వచ్చేలా చూడాలి. అప్పుడు గాలి నిప్పుల కిందుగా దూరి వేడెక్కి మంటలో కలుస్తుంది. పుల్లల మొనలు మాత్రమే కాలాలి. మొత్తం పుల్ల ఒకేసారి వేడెక్కితే వాయువు మంట తట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువ పుడుతుంది, ఆ మిగులే పొగ. మంట పెంచాలంటే పుల్లలు లోపలికి ఎగదోయడం, తగ్గించాలంటే వెనక్కి లాగడం. ఈ పొయ్యికి రెగ్యులేటర్ అదే. ఒక్కసారి నాలుగు లావుపాటి కట్టెలు కుక్కేసి వేరే పనికి వెళ్లే అలవాటున్న వంటింట్లో రాకెట్ పొయ్యి నిరాశపరుస్తుంది. ఇది పొయ్యి లోపమా, వాడేవాళ్ల లోపమా అని వాదించడం అనవసరం. చిన్న ద్వారం ఉన్న పొయ్యి దగ్గర మనిషి ఉండాలి, అంతే.

మొదటిసారి ప్రయత్నించేవాళ్లకు పెద్ద రేకు డబ్బా, 10 సెంటీమీటర్ల వెడల్పున్న మోచేయి గొట్టం, ఒక బస్తా పొడి బూడిద ఉంటే ఒక పూటలో పొయ్యి తయారవుతుంది. మామూలు ఇటుకలను అడుసు లేకుండా పేర్చి కూడా అదే ఆకారం తేవచ్చు. బరువు వల్ల కొంత వేడి పోయినా, గాలి ఎలా లాగుతుందో, మంట ఎలా నిలుస్తుందో కళ్లారా చూసి కొలతలు సరిచేసుకోవడానికి అంతకు మించిన నమూనా లేదు.

లోపలి గొట్టం దేనితో చేయాలన్నది గట్టి ప్రశ్న. చుట్టూ వేడి ఆపే పదార్థం ఉన్నప్పుడు లోపలి గోడ ఎర్రగా కాగుతుంది. పల్చటి మామూలు ఇనుప రేకు కొన్ని నెలల్లోనే పొట్టు పొట్టుగా రాలిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ ఇంకొంత కాలం వస్తుంది, శాశ్వతం మాత్రం కాదు. అందుకే చాలామంది డిజైనర్లు చివరికి కాల్చిన మట్టికే తిరిగి వస్తారు. జింకు పూత ఉన్న గాల్వనైజ్డ్ గొట్టం మంట తగిలే చోట అస్సలు వాడకూడదు. జింకు 420 డిగ్రీలకే కరుగుతుంది, ఇంకా కాగితే విడుదలయ్యే పొగ పీల్చినవాళ్లకు జ్వరం తెప్పిస్తుంది. సిమెంటు కూడా అంత వేడికి తాళదు. 400 డిగ్రీలు దాటాక దాన్ని పట్టి ఉంచే రసాయన బంధాలు విడిపోయి పొడిబారుతుంది. నీళ్లలో నానిన గుండ్రటి రాళ్లు ఇంకా ప్రమాదం, లోపలి తేమ ఆవిరై రాయి పేలిపోవచ్చు.

గిన్నె చుట్టూ

ఇప్పుడు అసలు పొదుపు దగ్గరికి వద్దాం. వేడి వాయువు గిన్నెకు తగిలిందంటే వేడి ఇచ్చేసినట్టు కాదు. గిన్నెను అంటుకుని కదలని గాలి పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. గాలి వేడిని సరిగ్గా ప్రసరింపనివ్వదు కాబట్టి ఆ పొర గిన్నెకు దుప్పటి కప్పినట్టు పనిచేస్తుంది. వేడి వాయువును సన్నటి సందులోంచి వేగంగా పోనిస్తే ఆ పొర పల్చబడుతుంది. సందు వెడల్పుగా ఉంటే వేడి వాయువు మధ్యలోంచి దర్జాగా వెళ్లిపోతుంది, గిన్నెను పట్టించుకోదు. మరీ ఇరుకైతే గాలి లాగడం ఆగి మంట మందగిస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా కొన్ని మిల్లీమీటర్లే. 1980లలో పొయ్యిల పరిశోధకుడు శామ్యూల్ బాల్డ్విన్ చేసిన విశ్లేషణ ఈ విషయాన్ని లెక్కలతో చూపించింది. చేత్తో ఉజ్జాయింపుగా కట్టిన పొయ్యిలు ఒకదానికొకటి ఎందుకంత తేడాగా పనిచేస్తాయో కూడా దీంతో అర్థమవుతుంది.

కొలత తేల్చే పద్ధతి ఒకటే. వాయువు పోయే దారి వైశాల్యం ఎక్కడా మారకూడదు. మంటగది 12 సెంటీమీటర్ల చదరం అనుకుంటే వైశాల్యం 144 చదరపు సెంటీమీటర్లు. గొట్టం పై అంచు చుట్టుకొలత 48. భాగిస్తే 3 సెంటీమీటర్లు. గిన్నె అడుగుకూ గొట్టం అంచుకూ మధ్య ఉండాల్సిన ఎడం అది. అదే వాయువు బయటికి పరుచుకుంటూ గిన్నె అంచుకు చేరేసరికి చుట్టుకొలత పెరుగుతుంది. గిన్నె అడుగు వ్యాసం 30 సెంటీమీటర్లయితే చుట్టుకొలత సుమారు 94, కాబట్టి అక్కడ సందు 1.5 సెంటీమీటర్లు చాలు. అంటే పొయ్యి పైభాగం చదునుగా కాకుండా మధ్య నుంచి అంచుకు కొద్దిగా ఎత్తుగా లేవాలి. గిన్నె పక్కల చుట్టూ కూడా అంతే సందు వదిలి రేకు చుట్టాలి. గిన్నె అడుగు నుంచి ఆహారం ఉండే మట్టం దాకా ఆ రేకు ఉంటే సెగ పక్కలను కూడా తాకుతూ పైకి పోతుంది.

పొయ్యి మండుతుండగా ఈ సందును ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గించి చూడవచ్చు. కట్టెల ద్వారంలోంచి మంట గానీ పొగ గానీ వెనక్కి తన్నిందంటే మరీ బిగిసిందని గుర్తు. ఆ క్షణానికి ముందు ఉన్న కొలతే సరైనది.

ఈ చుట్టు రేకు ఒక్కటే, ఇంకేమీ మార్చకుండా మూడు రాళ్ల పొయ్యికి తగిలించినా దాదాపు నాలుగో వంతు కట్టెలు మిగల్చగలదు. అయినా దీన్నే అందరూ వదిలేస్తారు. ఎందుకంటే ఒక గిన్నెకు చేసినది ఇంకో గిన్నెకు సరిపోదు. వంటింట్లో గిన్నెలు నాలుగైదు సైజులుంటాయి. రేకును ఒక కట్టులా చేసి, చివరలు ఒకదానిపై ఒకటి జరిగేలా బోల్టో తీగో పెడితే చాలా గిన్నెలకు సర్దుకోవచ్చు. లేదంటే ఎక్కువగా వాడే పెద్ద గిన్నెకు కొలత ఖరారు చేసి, మిగతావాటి విషయంలో కొంత నష్టం ఒప్పుకోవాలి.

మంట బాగుపడటానికి ఇంకో దారి, కట్టెను పైనుంచి అంటించే డబ్బా పొయ్యి. 1980లలో టామ్ రీడ్, పాల్ వెండెల్బో ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీన్ని రూపొందించారు. డబ్బా నిండా చెక్క ముక్కలు లేదా గుళికలు పోసి పైన నిప్పు పెడతారు. అడుగు రంధ్రాల నుంచి వచ్చే కొద్ది గాలితో కట్టె వాయువుగా మారుతుంది, పై రంధ్రాల నుంచి వచ్చే వేడి గాలితో ఆ వాయువు మండుతుంది. మంట చాలా శుభ్రంగా ఉంటుంది, అడుగున బొగ్గు మిగులుతుంది. మధ్యలో కట్టె వేయడం కుదరదు, సెగ తగ్గించడం కష్టం, ఇంధనం అంతా ఒకే పరిమాణంలో ఉండాలి. ఆ మిగిలిన బొగ్గును ఇంట్లో అలాగే వదిలేస్తే కనపడని, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. బయట పెట్టి మూత బిగించో నీళ్లు చల్లో ఆర్పాలి.

పొగ సంగతి వేరు

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ఇళ్లలోని పొగ కాలుష్యం వల్ల 32 లక్షల మంది చనిపోయారు. ఈ అంకె చూపించి ప్రతి మెరుగైన పొయ్యినీ ఆరోగ్య సాధనంగా చెప్పడం మామూలైపోయింది. ఆధారాలు అంత దూరం రావు. ఆఫ్రికా దేశమైన మలావీలో శుభ్రంగా మండే, ఫ్యాన్ ఉన్న కట్టెల పొయ్యిలు ఇచ్చి చేసిన పెద్ద అధ్యయనం 2017లో వెలువడింది. అయిదేళ్లలోపు పిల్లల్లో న్యుమోనియా తగ్గలేదని తేలింది. పొగలో సగం తగ్గినా ఊపిరితిత్తుల మీద ప్రభావం సగం తగ్గదు. మొదటి కొంత పొగే ఎక్కువ హాని చేస్తుంది, ఆ పైన పెరిగిన పొగ చేసే అదనపు హాని తక్కువ. అందుకే ఇంట్లో చేసుకున్న పొయ్యి ఎంత బాగా మండినా, మూసిన గదిలో పొగగొట్టం లేకుండా వాడొద్దు. పొగగొట్టం కూడా పొగను తగ్గించదు, బయటికి పంపుతుందంతే. లోపల మసి పేరుకుంటే ఆ పని కూడా ఆగిపోతుంది. ఒడిశాలో ఆర్థికవేత్తలు రెమా హన్నా, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ చేసిన అధ్యయనంలో జరిగిందదే. పొగగొట్టం ఉన్న పొయ్యిలు ఇచ్చిన మొదటి ఏడాది పొగ పీల్చడం తగ్గింది, తర్వాత ఆ లాభం మాయమైంది. పొయ్యిలను సరిగ్గా వాడలేదు, పాడైతే బాగుచేయించలేదు.

కట్టిన పొయ్యి నిజంగా ఆదా చేస్తోందా అన్నది చూపుతో చెప్పలేం. ఎర్రగా, గర్జిస్తూ మండే పొయ్యిని చూసి మురిసిపోవడం సులభం. ఆ గర్జనకు అర్థం గాలి ఎక్కువ పోతోందని కూడా కావచ్చు. ఒక తక్కెడ, 5 లీటర్ల నీళ్లు చాలు. కట్టెలను ముందు తూచాలి, నీళ్లు మరిగిన వెంటనే మంట ఆర్పి మిగిలిన కట్టెను, బొగ్గును విడివిడిగా తూచాలి. బొగ్గుకు కట్టె కన్నా దాదాపు రెట్టింపు శక్తి ఉంటుంది కాబట్టి దాన్ని రెండింతల కట్టెగా లెక్కగట్టి మిగులులో కలపాలి. పాత పొయ్యి మీద, కొత్త పొయ్యి మీద, అదే గిన్నెతో, అదే కట్టెతో కనీసం మూడేసి సార్లు చేస్తేగానీ తేడా నమ్మదగ్గది కాదు. గాలి వీచే రోజు, వీచని రోజు ఫలితాలే మారిపోతాయి. మూడు రాళ్ల పొయ్యి కూడా గాలి లేని మూలలో, నేర్పున్న చేతుల్లో మంచి మార్కులే తెచ్చుకుంటుంది.

మరిగిన తర్వాత సంగతి కూడా తూకంలో కనిపిస్తుంది. మరుగుతున్న నీళ్లు ఎంత మంట పెట్టినా 100 డిగ్రీలు దాటవు. తెర్లించి తెర్లించి మరిగిస్తే ఆహారం త్వరగా ఉడకదు, నీళ్లు మాత్రం ఎగిరిపోతాయి. ఒక లీటరు నీటిని 25 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి పట్టే శక్తికి ఏడింతలు దాన్ని పూర్తిగా ఆవిరి చేయడానికి పోతుంది. మూత పెట్టి సెగ తగ్గించడం వల్ల మిగిలేది చిన్న మొత్తం కాదు. ఇంకో అడుగు వేస్తే, ఉడకడం మొదలయ్యాక గిన్నెను మూతతో సహా దించి, చుట్టూ ఎండుగడ్డి గానీ దుప్పట్లు గానీ దట్టంగా కూరిన పెట్టెలో మూసి ఉంచవచ్చు. మంట లేకుండానే మిగతా ఉడుకు పూర్తవుతుంది. గిన్నె నిండుగా ఉన్నప్పుడే ఇది బాగా పనిచేస్తుంది, కొద్దిపాటి ఆహారం తొందరగా చల్లారిపోతుంది. పెట్టెలోంచి తీసేటప్పటికి లోపలి వేడి 60 డిగ్రీల కిందికి దిగి ఉంటే, వడ్డించే ముందు మళ్లీ ఒకసారి మరిగించాలి.